జడుసుకున్న చోటి మట్టి

నా భార్యకు ఆ భయం రావడం నేను మొదటిసారి చూసినప్పుడు ఆమె వంటింటి ముందు పీట వేసుకుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్నది. మా వీధిలో తవ్వి వదిలేసిన మురికికాలువ గురించి నాతో ఏదో చెబుతూ, మాట మధ్యలో ఆగిపోయింది. చేట కింద పెట్టి లేచి, గోడకు వీపు ఆనించి నిలబడింది. ముఖమంతా చెమట పట్టింది.

“ఏమైంది?” అన్నాను.

“ఏం గాలె.”

“మరి గట్ల నిలబడ్డవేంది?”

“బుగులైతున్నది.”

“దేనికి?”

ఆమె నా వైపు చూసిన చూపు నాకు ఇంకా గుర్తుంది. ప్రశ్న అర్థమైంది కానీ జవాబు నా దగ్గరే ఉండాలి కదా అన్నట్టు చూసింది. కొంతసేపటికి అది తగ్గింది. మళ్ళీ పీట మీద కూర్చుని మిగిలిన కాయలు తుంచింది. కాలువ సంగతి మాత్రం పూర్తి చేయలేదు.

నేను పశువుల దవాఖానలో కాంపౌండరుగా పనిచేసి రిటైరయ్యాను. ఉద్యోగంలో చేరిన ఏడాది నుంచి డైరీ రాస్తున్నాను. అక్కడి రిజిస్టరులో ప్రతి పశువుకూ లక్షణం, కారణం, మందు అని వరుసగా రాయాలి. ఆ అలవాటు ఇంటి డైరీకీ పాకింది. ఏది జరిగినా దాని కింద కారణం రాస్తాను. బస్సు ఆలస్యమైంది, కారణం టైరు. పప్పు మాడింది, కారణం పక్కింటామెతో ముచ్చట్లు. ఆ రోజు ‘భార్యకు భయం’ అని రాసి, కింద ‘కారణం’ అని రాసి, కలం పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. చిక్కుడుకాయలు అని రాయలేను కదా. ఖాళీగా వదిలేశాను.

రెండోసారి జనగామ బస్టాండులో వచ్చింది. భూపాలపల్లిలో ఉన్న మా బిడ్డను చూసి వద్దామని హన్మకొండ బస్సెక్కాం. బస్సు ఇంకా కదలనే లేదు. ఆమె లేచి, అడ్డం వచ్చిన వాళ్ళను తోసుకుంటూ దిగిపోయింది. నేను సంచులు పట్టుకుని వెనకే దిగాను. ఊపిరి అందడం లేదని, ప్రాణం పోతున్నదని అన్నది. ఆటోలో దవాఖానకు బయలుదేరితే ఆటోలోనూ అదే. సగం దారిలో దిగి నడుస్తానన్నది. నడిచే పోయాం. ప్రాణం పోతున్నదన్న మనిషి ఎండలో నాకంటే వేగంగా నడుస్తుంటే ఏమనుకోవాలో నాకు తెలియలేదు.

దవాఖానలో గుండె పరీక్ష చేశారు, రక్తం తీశారు. అన్నీ సరిగానే ఉన్నాయి. డాక్టరమ్మ మా బిడ్డ వయసు మనిషి.

“గుండెకేం లేదు పెద్దాయనా. దీన్ని పానిక్ అటాక్ అంటారు. భయపడాల్సిన పని లేదు.”

“భయమే రోగమైతే భయపడొద్దంటె ఎట్ల డాక్టరమ్మా?” అన్నది నా భార్య.

డాక్టరమ్మ నవ్వింది. “అదీ నిజమే. గోలీలు రాస్తాను. వచ్చినప్పుడు మెల్లగా ఊపిరి తీసి వదలండి. దానంతటదే పోతుంది.”

“కారణమేంది?” అని నేను అడిగాను.

“ఒక్కోసారి చెప్పలేం.”

“చెప్పలేరా, ఉండదా?”

ఆమె చీటీ రాయడం ఆపి నన్ను చూసింది. “రెండూ అనుకోండి,” అన్నది.

మామూలు రోజులైతే గోలీలు మింగుతూ ఇంట్లో ఉండమని ఊరుకునేవాణ్ణి. కానీ అదే వారం బిడ్డకు నౌకరి వచ్చింది. అల్లుడు భూపాలపల్లి బొగ్గుబాయిలో పనిచేస్తాడు. షిఫ్టులు మారుతుంటాయి. కార్మికుల క్వార్టరులో కాపురం. మనుమరాలు ఇంకా పాలు తాగే పిల్ల. బిడ్డకు జిల్లా ఆఫీసులో కంప్యూటరు పని దొరికింది. కాంట్రాక్టు పనే, అయినా చదువు అయినప్పటి నుంచి దాని కోసమే తిరిగింది. ఒకటో తారీఖున చేరకపోతే అది తర్వాతి మనిషికి పోతుంది. ఆఫీసు దగ్గరే కాబట్టి మధ్యాహ్నం వచ్చి పిల్లకు పాలిచ్చి పోవచ్చు. మిగిలిన వేళ పిల్లను చూసుకోవడానికి అమ్మమ్మ రావాలి. నానమ్మ లేదు, ఏనాడో కాలం చేసింది.

“అమ్మా, ఎప్పుడొస్తరు?” అని బిడ్డ రోజూ ఫోన్ చేసేది. “పిల్లను వేరేటోళ్ల చేతుల పెట్టి నేను పోను. నువ్వొస్తెనే చేరుత. లేకుంటె లేదు.”

“వస్తనే. రాకేం జేస్త?” అనేది నా భార్య. ఫోన్ పెట్టేసి నాతో, “దానికేం చెప్పకు. చెప్తె నౌకరి ఇడ్సిపెట్టి నన్ను చూస్తందుకు వస్తది,” అనేది.

కారు మాట్లాడతానన్నాను. తలుపు వేసిన కారులో కూర్చోవడం తలచుకుంటేనే చెమటలు పడుతున్నాయన్నది. భూపాలపల్లికి రైలు లేదు. ఆమె గల్లీ చివరి దుకాణం దాకా కూడా పోవడం మానేసింది.

మా వెనక గల్లీలో ఒక సాయబుల అవ్వ ఉంటుంది. నా భార్య పుట్టిన నెల్లికుదురే ఆమెదీ. కొడుకు జనగామలో బట్టలు కుట్టే దుకాణం పెట్టుకుంటే అతనితో వచ్చింది. నెల్లికుదురులో పిల్లలు జడుసుకుంటే ఏ ఇంటివాళ్ళైనా ఆమె దగ్గరికే తీసుకుపోయేవాళ్ళట. ఊరి ఆడబిడ్డ భర్తను కాబట్టి నేను ఆమెకు అల్లుణ్ణి. కబురు పెడితే అవ్వ మా ఇంటికే వచ్చి, నా భార్య కనురెప్ప కిందికి లాగి చూసింది. మణికట్టు పట్టుకుని కూర్చున్నది.

“జడుపే. యాడ జడుసుకున్నవ్ బిడ్డా?”

“వంటింట్ల.”

“జడుసుకున్నకాడి మట్టి తేవాలె. దువా చదివి ఊదుత. ముడేసి కొంగుకు కట్టుకుంటె పోతది.”

“వంటింట్ల మట్టేడిదవ్వా? బండలు పరిపిచ్చినం గద.”

“బస్టాండుల గూడ జడుసుకున్ననంటివి?”

“ఆడ సిమెంటు.”

“ఆటోల?”

“ఆటోల మట్టా?”

అవ్వ నా వైపు తిరిగింది. “చూసినవా అల్లుడా? గిప్పుడు జడుసుకునేటోళ్లందరు సిమెంటు మీదనే జడుసుకుంటున్నరు. నేనేం జెయ్యాలె?”

“అవ్వా, వంటిల్లు అసలు చోటేనా? ఆడ జడుసుకునేటందుకు ఏం లేదు గద,” అన్నాను.

ఆమె ఆలోచించింది. “గది గూడ నిజమే. జడుపు ఒక్కోపాలి యాడనో పడ్తది, యాడనో బయటికొస్తది. మొదలు యాడ పడ్డదో యాది చేసుకోండ్రి. గాడి మట్టి తెండ్రి.”

మట్టి మీద నాకు నమ్మకం ఉన్నదా అంటే ఉన్నదని చెప్పలేను, లేదనీ చెప్పలేను. కానీ డాక్టరమ్మ వదిలేసిన ప్రశ్నను అవ్వ పట్టుకున్నది. మొదలు ఎక్కడ అన్నది. నేను ఇన్నేళ్ళు రిజిస్టరులో అడిగింది అదే కాబట్టి ఆ మాట నాకు నచ్చింది.

అటక మీది డైరీలు దించి కూర్చున్నాను. నా భార్య పక్కనే ఉల్లిగడ్డలు ఒలుస్తున్నది.

“ఏం దేవులాడుతున్నవ్?”

“నువ్వెప్పుడు జడుసుకున్నవో.”

“నా బుగులు నీ డైరీల ఎట్లుంటది? నేను చెప్తెగద నువ్వు రాసేది.”

“ఎన్నడు చెప్పలేదా?”

“నువ్వడిగితెగద.”

ఆమె అన్నట్టే అయింది. డైరీల నిండా వానలు, పశువుల రోగాలు, బదిలీలు, పిల్ల జ్వరాలు ఉన్నాయి. నా భార్య భయపడిన రోజు ఒక్కటీ లేదు. భయపడని మనిషా, నేను రాయని మనిషా అన్నది ఆ డైరీలను బట్టి తేలలేదు.

మనిషిలో మొదలు దొరకనప్పుడు మాటలోనైనా చూద్దామని గ్రంథాలయానికి పోయాను. భయానికి మనకు మాటలు తక్కువేమీ లేవు. నా భార్య బుగులన్నది, అవ్వ జడుపన్నది. పరీక్షకు ముందు పిల్లలకు పుట్టేది గాబరా. పాము కనబడితే గుండెలో పుట్టేది దడ. నా ఉద్యోగంలో నేను ఎక్కువగా రాసింది బెదురు. ఎద్దు బెదిరింది, మంద బెదిరింది అని రాసేవాణ్ణి. ఏమీ లేకుండా ఒక్కసారిగా పుట్టి, ఉన్నచోట ఉండనీయకుండా పరుగెత్తించే భయానికి నాకు తెలిసిన దగ్గరి మాట అదే. కానీ గొర్రెలకు రాసిన మాటను భార్యకు రాయడానికి చేయి రాలేదు. అందుకే డాక్టరమ్మ మాట అర్థం తెలుసుకుందామనుకున్నాను.

గ్రంథాలయంలో అట్ట ఊడిపోయిన పెద్ద ఇంగ్లీషు నిఘంటువు ఉంది. మాట అర్థంతో పాటు పుట్టుక కూడా ఇస్తుంది. ముందు ఇరుగుపొరుగు మాటలు చూశాను. టెర్రర్ అన్నది వణకడం నుంచి వచ్చిందట. హారర్ అన్నది వెంట్రుకలు నిక్కబొడుచుకోవడం నుంచి వచ్చిందట. ఈ రెండూ నాకు సులువుగానే అర్థమయ్యాయి. భయపడినప్పుడు ఒంటికి ఏమవుతుందో దాన్నే పేరుగా పెట్టారు. పానిక్ దగ్గరికి వచ్చేసరికి ఒంటి సంగతి లేదు. హఠాత్తుగా, చాలాసార్లు ఏ కారణమూ లేకుండా, ఆపుకోలేనంతగా పుట్టే భయం, ఒకరి నుంచి ఒకరికి పాకే భయం అని అర్థం చెప్పి, పుట్టుక దగ్గర ఒక దేవుడి పేరు రాశారు.

ఆయన పేరు పాన్. పాతకాలపు గ్రీకుల దేవుడు. మేక కాళ్ళు, మేక కొమ్ములు, నడుము పైన మనిషి. మందలకు, కాపరులకు, అడవులకు దేవుడు. మనుషులు లేని చోట మంద గానీ మనుషులు గానీ ఏమీ కనబడకుండానే ఒక్కసారి బెదిరి పరుగెత్తితే అది ఆయన పని అనుకునేవారట. ఆయన తెచ్చిన భయం అన్న అర్థంలో ఆ మాట పుట్టి, ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషులోకి వచ్చిందట. పక్కనే ఉన్న ఇంకో పుస్తకంలో, ఆయన మిట్టమధ్యాహ్నం నిద్రపోతాడని, నిద్ర చెడితే కోపమని, ఆ వేళ కాపరులు పిల్లనగ్రోవి ఊదేవారు కాదని కూడా రాసి ఉంది.

నేను పుస్తకం మూశాను. గొర్రెలకు నేను రాసిన మాట, నా భార్యకు డాక్టరమ్మ రాసిన మాట ఒకే మందలో నుంచి వచ్చాయి. ఇంకొకటి కూడా తోచింది. కారణం దగ్గర ఖాళీ వదలడం ఆ గ్రీకులకూ ఇష్టం లేనట్టుంది. ఖాళీలో ఒక దేవుణ్ణి నిలబెట్టారు. మాట పుట్టుక తెలిసిందని సంతోషించాలా, పుట్టుక దగ్గర కూడా ఎవరికీ ఏమీ తెలియదని దిగులుపడాలా, నాకు తెలియలేదు.

ఇంటికి వచ్చి నా భార్యకు చెప్పాను.

“మందల దేవుడా? మన మల్లన్న లెక్కనా?”

“అట్లనే. కాని ఈయన మందను బెదిరిస్తడట.”

“దేవుడన్నోడు మందను కాయాల్నా, బెదిరియ్యాల్నా? పేరేంది?”

“పాన్.”

“పాన్ డబ్బల కూసునేటోనికి నాతోని ఏం పనట?” అన్నది. నవ్వలేదు. గోడకు ఆనుకుని ఉన్నది. అప్పుడు కూడా వస్తున్నదేమో, నాకు తెలియనీయలేదు.

అడవి, మంద, మిట్టమధ్యాహ్నం అని తలలో తిరుగుతుండగానే నాకు అడవి మధ్య ఉన్న గంగారం ఊరు గుర్తొచ్చింది. పెళ్ళైన కొత్తలో నాకు అక్కడికి బదిలీ అయింది. ఒక గది కిరాయికి తీసుకున్నాం. ఆమెకు తోచక, నేను పల్లెలకు పోతే తానూ సద్ది మూట పట్టుకుని వచ్చేది. ఒక రోజు వాగు ఒడ్డున గొర్రెలకు నట్టల మందు తాగిస్తున్నాం. కడుపులోని పురుగులు పడిపోవడానికి ఇచ్చే మందు అది. నడిపొద్దు. ఆకు కదలడం లేదు. ముళ్ళకంచెలో ఉన్న మంద మొత్తం ఒక్కసారే తలలెత్తింది. తర్వాత కంచె లేదు, మంద లేదు, దుమ్మే ఉంది. కుక్క రాలేదు, చిరుత రాలేదు, ఉరుము లేదు. “నడిపొద్దు అడివిల గట్లనే అయితది సారు. ఏం గనవడది,” అన్నాడు కాపరుల్లో పెద్దాయన.

ఆ దుమ్ములో ఒక దృశ్యం నా కళ్ళ ముందు ఇప్పటికీ స్పష్టంగా ఉంది. నా భార్య ఒక చేత్తో ఇప్పచెట్టును పట్టుకుని, ఇంకో చేత్తో కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వంగిపోయి ఉన్నది. ఒళ్ళంతా కదిలిపోతున్నది. ఆ రోజు డైరీలో మంద చెదిరిందని, మందు మరునాటికి వాయిదా అని ఉంది. కారణం దగ్గర ‘తెలియదు’ అని ఉంది. ఆమె గురించి ఏమీ లేదు.

మాట ఎక్కడ పుట్టిందో తెలిస్తే, ఆ మాట పేరుగా ఉన్న రోగమూ అట్లాంటి చోటే పుట్టి ఉంటుందని నేను ఎందుకు అనుకున్నానో ఇప్పుడు సరిగా చెప్పలేను. అప్పుడు మాత్రం అన్నీ అతికినట్టు కనబడ్డాయి. ఆమెకు చెబితే ఆ భయం మళ్ళీ లేస్తుందేమోనని, మహబూబాబాద్‌లో పెన్షన్ పని ఉందని చెప్పి, అవ్వను తోడుగా కూర్చోబెట్టి పొద్దటి రైలెక్కాను. మహబూబాబాద్‌లో దిగి, గూడూరు, కొత్తగూడ మీదుగా బస్సులో గంగారం చేరాను.

వాగు ఉంది కానీ దాని మీద వంతెన పడింది. ఒడ్డు పక్కన పత్తి చేను. అడవి వెనక్కి జరిగిందో, నేనే దాన్ని దగ్గరగా గుర్తు పెట్టుకున్నానో తెలియదు. ఇప్పచెట్లు ఇవతల ఒకటి, అవతల ఒకటి ఉన్నాయి. అందులో ఏది మాదో తేల్చుకోలేక అటూ ఇటూ తిరుగుతుంటే, రోడ్డు మీద మక్కలు ఆరబోస్తున్న మనిషి పిలిచాడు.

“ఏం దేవులాడుతున్నవ్ పెద్దయ్యా?”

“ఈడ ఒడ్డు పొంటి గొర్ల దొడ్డి ఉండె.”

“ఎప్పుడు?”

“చాన ఏండ్లయింది.”

“నాకెరుకలేదు. భూమి కొంటవా?”

“కొన. జనగామ నుంచి వచ్చిన. జర మట్టి గావాలె.”

“పరీక్షకా?”

“అట్లాంటిదే,” అన్నాను.

“మట్టికి జనగామ నుంచి ఈడిదాక వచ్చినవా? ఆడ లేదా?” అని నవ్వాడు. పారకు అంటిన మన్ను దులుపుతూ, “మా పత్తి గూడ ఎర్రవడుతున్నది. ఏం తక్కువైందో తెలిస్తె మాకు గూడ చెప్పు,” అన్నాడు.

చెబుతానన్నాను. రెండు చెట్ల కింది మట్టీ రెండు కవర్లలో తీసుకున్నాను. ఇవతలి ఒడ్డు, అవతలి ఒడ్డు అని పేర్లు రాశాను. అప్పటికి నడిపొద్దయింది. కాసేపు చెట్టు కింద నిలబడి చూశాను. ఆ నిశ్శబ్దంలో నాకేమైనా భయం పుడుతుందా అని కూడా చూశాను. ఆకలి వేసింది, అంతే.

ఇంటికి చేరి కవర్లు ముందు పెడితే నా భార్య, “పెన్షన్ల మట్టిచ్చిన్రా?” అన్నది. ఇక దాచలేక అంతా చెప్పాను. మంద బెదరడం, నడిపొద్దు, ఇప్పచెట్టు పట్టుకుని ఆమె వణికిపోవడం, అన్నీ. ఆమె మొదట నమ్మనట్టు చూసింది. తర్వాత నవ్వడం మొదలుపెట్టింది. ఈ భయం వచ్చినప్పటి నుంచి ఆమె అట్లా నవ్వడం నేను చూడలేదు.

“నేను జడుసుకున్ననా? గా రోజా?”

“చెట్టు పట్టుకొని వణుకుతున్నవ్ గద.”

“నవ్వాగక పట్టుకున్న. గొర్లు ఉరికినయ్. గొర్లెనక గొల్లోళ్లు ఉరికిన్రు. గొర్ల కంటె ముందల నువ్వు ఉరికినవ్. మందు డబ్బ ఆడ్నే పారేసినవ్. ఒక చెప్పు వాగుల పోయింది.”

“నేనా?”

“నువ్వు గాక? మందను మళ్లేస్తందుకు ఉరుకుతున్నడనుకున్నరు వాళ్లు. నాకే ఎరుక.”

“ఎన్నడు చెప్పలేదేంది?”

“కొత్త పెండ్లికొడుకువైతివి, నామోషీ అయితదని ఊకున్న. తర్వాత మర్చేపోయిన.”

నేను పరుగెత్తినట్టు నాకు గుర్తు లేదు. ఎంత ఆలోచించినా కాళ్ళకు ఆ పరుగు గుర్తు రాలేదు. ఆమె అబద్ధం ఆడదు. అయితే ఒక లెక్క కుదరడం లేదు. “నేను మంద కంటె ముందల ఉరికితె, ఎనక చెట్టుకాడ ఉన్న నిన్ను ఎట్ల చూసిన?” అని అడిగాను.

“ఒక్కపాలి మళ్లి చూసినవ్ గద,” అన్నది. “నేనొస్తున్ననో లేదో అని.”

మరునాడు అవ్వ వచ్చింది. రెండు కవర్లూ తడిమి చూసింది.

“ఇది ఎవలి జడుపు మట్టి?”

“ఆయినది,” అన్నది నా భార్య.

“జడుపు నీదాయె, మట్టి ఆయినదాయె. ఏమన్న తెలివున్నదా మీకు?” అవ్వ కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. “ఇంతకు ఏ ఒడ్డుది?”

“అది గూడ తెలుస్తలేదవ్వా,” అన్నాను.

ఆమె రెండింటినీ కలిపేసింది. నేను అంత జాగ్రత్తగా విడివిడిగా తెచ్చినదాన్ని అట్లా కలిపితే ప్రాణం ఉసూరుమన్నది కానీ, వద్దనడానికి కారణం లేదు. చదివి, ఊది, గుడ్డపేలికలో ముడి వేసి నా చేతికి కట్టింది.

“నాకు గూడ జరంత ఇయ్యవ్వా,” అన్నది నా భార్య.

“ఒకలి మట్టి ఒకలికి పనిజేస్తదో లేదో నాకు తెల్వది బిడ్డా. మా అమ్మ చెప్పలే.”

“చెయ్యకుంటె చెయ్యకపాయె.”

అవ్వ కొంచెం తీసి ఆమె కొంగుకు ముడి వేసింది.

ఒకటో తారీఖుకు ముందు రోజు పొద్దున్నే బయలుదేరాం. ఎక్కడ వస్తే అక్కడ దిగుదామని, తగ్గాక తర్వాతి బస్సు ఎక్కుదామని ఆమే చెప్పింది. డాక్టరమ్మ గోలీ వేసుకున్నది. కొంగు ముడి చేతిలో పట్టుకున్నది. స్టేషన్ ఘనపూర్‌లో ఒకసారి దిగాం. చాయ తాగి, బెంచీ మీద కూర్చుని, ఇంకో బస్సు ఎక్కాం. హన్మకొండలో దిగి చాలాసేపు కూర్చున్నాం. ఇంటికి మళ్ళుదామంటుందేమో అని చూశాను. అనలేదు. పరకాల బస్సెక్కాక ఊరు దాటి పొలాల మధ్యకు వచ్చేసరికి, నా మోచేతిని గట్టిగా పట్టుకున్నది. ముఖం తెల్లబడింది. చెమట.

“దిగుదామా?” అన్నాను.

మా తీరు చూసి కండక్టరు వచ్చాడు. “ఏమైంది పెద్దమ్మా? ఆపాల్నా?”

బస్సు నెమ్మదించింది. తలుపు దగ్గర నిలబడ్డ వాళ్ళు జరిగారు. నేను సంచి అందుకున్నాను. అప్పుడు ఆమె నా చేయి కిందికి లాగింది.

“చెప్పు,” అన్నది.

“ఏం చెప్పాలె?”

“ఎట్ల ఉరికినవో.”

“నాకు యాదికి లేదంటినిగద.”

“అయినా చెప్పు.”

జరగని దాన్ని నేను డైరీలో ఎన్నడూ రాయలేదు. గుర్తు లేని దాన్ని గుర్తున్నట్టు చెప్పడం నాకు చేతకాదు. అయినా మొదలుపెట్టాను. మందు డబ్బా కింద పడేశానని, అడవి లోపలికి పరుగెత్తానని చెప్పాను.

“అడివి దిక్కు గాదు. వాగు దిక్కు,” అన్నది, పళ్ళ మధ్య నుంచి.

“వాగు దిక్కు ఉరికిన. రెండు చెప్పులు పోయినయ్.”

“ఒకటే.”

“ఒకటే పోయింది. ఇంకోటి చేతుల పట్టుకొని ఉరికిన.”

“గది నాకెరుకలేదు,” అన్నది. ఆమె పట్టు కొంచెం వదులైంది. చెప్పు చేతిలో పట్టుకోవడం నేను కల్పించిందే. కానీ అనగానే నా అరచేతికి తోలు తగిలినట్టయింది. అది కల్పనో, గుర్తో, అప్పుడూ తెలియలేదు, ఇప్పుడూ తెలియదు.

కండక్టరు ఇంకా నిలబడే ఉన్నాడు. “దిగుతరా లేదా?”

“దిగం. నడువనియ్యి బిడ్డా,” అన్నది నా భార్య.

సాయంత్రానికి భూపాలపల్లి చేరాం. క్వార్టరు ముందు బిడ్డ పిల్లను ఎత్తుకుని నిలబడి ఉన్నది. “ఇంత ఆలస్యమైందేంది బాపూ?” అంటే, బస్సులు దొరకలేదన్నాను. మరునాడు బిడ్డ కొత్త చీర కట్టుకుని ఆఫీసుకు పోయింది.

భయం పోలేదు. కొన్ని రోజులు వస్తుంది, కొన్ని రోజులు రాదు. గోలీలు పనిచేస్తున్నాయా, మట్టి పనిచేస్తున్నదా, ఊపిరి తీసి వదలడమా, ఏదీ కాదా, నేను రాసుకున్నదాన్ని బట్టి చెప్పలేకపోతున్నాను.

బిడ్డ చేరిన వారంలోనే ఒక మధ్యాహ్నం, ఆమె పాలిచ్చి తిరిగి ఆఫీసుకు పోయాక, నా భార్య పిల్లను ఊపుతూ ఆగిపోయింది. గబగబా వచ్చి పిల్లను నా ఒళ్ళో పెట్టి, నేల మీద కూలబడి, కొంగు ముడి పట్టుకున్నది. నేను చెప్పు చేతిలో పట్టుకుని పరుగెత్తిన సంగతి మొదలుపెట్టాను. సరిగ్గా అప్పుడే దగ్గరి ఓపెన్‌కాస్ట్ బొగ్గు గనిలో బ్లాస్టింగ్ పేలుడు వినబడింది. కిటికీ రెక్కలు, గూట్లో గిన్నెలు కదిలాయి. అక్కడ అది మామూలే. పిల్ల కన్ను కూడా ఆర్పలేదు. నేను మాత్రం పిల్లతో సహా ఎగిరిపడ్డాను. నా భార్య తలెత్తి చూసింది. ముఖం మీద చెమట ఇంకా ఉన్నది.

“గిప్పుడు గూడ ఉరుకుతవా ఏంది?” అన్నది.

ఆమెకు అది ఎప్పుడు తగ్గిందో నేను గమనించలేదు. నా గుండె చప్పుడు తగ్గేసరికి ఆమె లేచి పిల్లను తీసుకున్నది.

సాయంత్రం బిడ్డ వచ్చింది. చెప్పులు విప్పుతూనే, తల్లి ముఖం చూసి ఆగింది.

“అమ్మా, గట్లున్నవేంది? పొద్దంత ఎట్ల గడిసింది? ఇబ్బందేం గాలే గద? చెప్పు, నేను రేపటిసంది ఇంట్లనే ఉంట.”

“నాకేం గాలె,” అన్నది నా భార్య. “మీ బాపే జడుసుకున్నడు.”

బిడ్డ నా వైపు తిరిగింది. “నిజమేనా బాపూ?”

నిజమేనన్నాను.